తేటగా కారితే

రాత్రి రెండు దాటాక మూడో నంబరు కెమెరాలో
ఒక ముసలామె మొక్కలు పీకుతోంది.

మొన్న ఆదివారమే నాటారు వాటిని.
కంపెనీ పిల్లలు, అందరివీ ఒకే రంగు టీషర్టులు.
గుట్టకెరె కట్ట పొడుగునా నూట ఇరవై కానుగ మొక్కలు,
మొక్కకో చీటీ, మనిషికో ఫొటో.

టార్చి పట్టుకుని పరుగెత్తాను.
ఎవరది అని కన్నడంలో అరిస్తే
తెలుగులో తిట్టింది.
మా వడ్డెర తెలుగు. అచ్చం మా అమ్మ తిట్టే తిట్టు.

యల్లక్కట.
ఏటా ఎండాకాలం ఈ కట్టకి మన్ను మోసిన ఇల్లట.
సర్జాపుర రోడ్డు ఇంకా బండిబాటగా ఉన్నప్పటి మాట.

"చెట్టు బతికినన్నాళ్ళూ కట్టని పట్టుకుంటాది నాయనా.
చచ్చినాక?
వేరు కుళ్ళి బొక్కయితాది.
నీళ్ళకి దోవ జూపేది ఆ బొక్కే.
కట్టకి గరిక చాలు."

రిపోర్టు రాయలేదు నేను.
కెమెరాకి సాలెగూడు పట్టిందన్నాను.

అప్పట్నుంచి డ్యూటీ దిగాక ఆమె వెంట నడక.
ఇది ఎండ్రకాయది, ఇది పందికొక్కుది అని
బొక్క చూసి చెప్పేది.
కర్ర దోపి లోతు కొలిచి,
తడిపిన బంకమన్ను ముద్దలు కూరి
మడమతో తొక్కేది,
పాత పగ తీర్చుకుంటున్నట్టు.

కట్ట దిగువన ఒకచోట ఎప్పుడూ తడి.
అక్కడ స్టీలు గ్లాసు పెట్టి పట్టేది.
గాజు సీసాలోకి వంచి ఎండకెత్తి చూసేది.

"కట్టన్నాక చెమర్చాల.
చెమట పట్టని ఒళ్ళుండాదా?
తేటగా కారితే కారనీ.
ఎర్రగా కారిన పొద్దు
నిలబడి చూడొద్దు."

మరవకి అడ్డంగా ఇసక మూటలు పేర్చింది
మా అసోసియేషనే.
చెరువు నిండుగా ఉంటే బాల్కనీకి అందం, ఫ్లాటుకి ధర.
యల్లక్క గేటు దగ్గర నిలబడి ఒక్కసారే అడిగింది:
"పొంగే కుండకి మూత బిగిస్తారా మీ ఇండ్లల్లో?"
మీటింగులో పెడదామన్నారు
సెక్రటరీ దేశికన్ గారు.

అక్టోబరు. మూడు రాత్రుల వాన.
రెండున్నరకి నేనే పెట్టాను గ్లాసు.
సీసాని ఫోను వెలుగులో చూస్తే
టీ.
పాలు పోసిన టీ.

బేస్మెంటులో పడుకున్న డ్రైవర్లను లేపి పైకి తరిమాను.
పది నిమిషాల్లో ఆమె వచ్చింది, నెత్తిన యూరియా సంచి.
ఊటలో గుడ్డలు కుక్కబోతుంటే
నా చేతి మీద ఒక్కటిచ్చింది.

"నోరు మూస్తే ఇంకోచోట పగులుతాది.
నీళ్ళని పోనీ. మన్నుని ఆపు."

సి బ్లాకు కడుతున్నచోట గుట్టలున్నాయిగా.
ముందు ఇసక, మీద చిన్న కంకర, ఆపైన రాళ్ళు.
తాపీ పనికొచ్చిన ఇద్దరు ఒడియా కుర్రాళ్ళు,
లిఫ్టు మెకానిక్కు, పాల బండి అబ్బాయి.
నైటీ మీద రెయిన్‌కోటుతో ఒకమ్మాయి
ఏమీ అడక్కుండా గంప అందుకుంది.
ఆ టీషర్టుల్లో ఒకతె అనుకుంటా.
డ్రైవర్లు వెళ్ళి మరవ మీది మూటలు లాగేశారు.
నీళ్ళు అటు దూకిన చప్పుడు
లారీ నుంచి కంకర దించినట్టు.

ఆరింటికి పట్టిన సీసాలో
అడుగున బొటనవేలి మందం మన్ను.
ఏడింటికి గోటి మందం.
ఎనిమిదింటికి మా ఇద్దరి ముఖాలూ కనబడ్డాయి దాంట్లో.
యల్లక్క ఏమీ అనలేదు.
ఆకువక్క నోట్లో వేసుకుని
కాలికి గుచ్చుకున్న ముల్లు వెతుక్కుంది.

గేటు రిజిస్టరులో
వచ్చినవారు, ఎవరింటికి, ఏ పని మీద,
అన్ని గళ్ళూ ఖాళీ ఆ రాత్రికి.

పదకొండింటికి దేశికన్ గారు దిగారు.
చెరువు మూడడుగులు తగ్గిందేమని ఒక ప్రశ్న.
సి బ్లాకు ఇసక ఎవరు ఎత్తుకుపోయారని ఇంకొకటి.
మూడో నంబరు కెమెరా చూడాలన్నారు.

ఈసారి సాలెగూడు అనలేదు నేను.
గ్లాసు ఆయన చేతికిచ్చి
చెప్పులు విప్పమన్నాను,
దిగువన బురద.